వెంబడి నడిచే మనిషి

మొన్న ముత్తంగి కూడలి దగ్గర బస్సు కోసం నిలబడి ఉంటే, కాలేజీ పిల్లలు కొందరు వీపుల మీద ఇంతింత సంచులేసుకుని నా పక్కకొచ్చి నిలబడ్డారు. ఎక్కడికి నాయనా అంటే గండికోట అన్నారు. లోయలోకి దిగి, అక్కడి నుంచి పాండిచ్చేరి పోతారట. ఊరికే, చూడ్డానికి. నేను నవ్వి ఊరుకున్నాను. ఆ రెండు చోట్లకీ నేను కూడా ఒకప్పుడు వీపున సంచితోనే పోయాననీ, ఆ సంచి కంటే బరువైన మనిషి ఒకడు దారి పొడుగునా నన్ను పట్టుకుని వేలాడాడనీ చెప్పడం మొదలుపెడితే వాళ్ల బస్సు కాస్తా వెళ్లిపోతుంది.

ఆయన పేరు రాయను. రాస్తే, పోయి ఇన్నేళ్లయినా సరే, "ఔగని, నా పేరు నీకెందుకు?" అని ఎక్కడి నుంచో అడిగే రకం. ఏ ప్రశ్నైనా ఆయన 'ఔగని' అనే మొదలుపెట్టేవాడు. అప్పటిదాకా మీరు చెప్పిందంతా ఒప్పుకున్నట్టే ఉంటుంది, ఒక్క ముక్కా నమ్మలేదని తర్వాత తెలుస్తుంది. పొడుగ్గా, ఎండు కట్టెలా ఉండేవాడు. తెల్ల ధోవతి, తలకు రుమాలు. చాయ్ పోయించుకుని, పోసినవాడు ముందు తాగితే గానీ తాగేవాడు కాదు. ఏ ముద్దైనా వాసన చూశాకే నోట్లోకి పోయేది. పడుకుంటే చెప్పులు తల కింద ఉండాల్సిందే. రైల్లో గుడ్డివాడు పాట పాడుతూ వస్తే, చేతిలో చిల్లర పట్టుకుని కూడా, వాడు నిజంగా గుడ్డివాడా కాదా అని రెండు స్టేషన్లు చూసేవాడు. ఈలోగా వాడు దిగిపోయేవాడు.

ఆయన నాకు మొదట కనిపించింది లింగంపల్లి స్టేషన్లో. పోలీసు యాక్షన్ అయి కొన్నేళ్లు గడిచాయి. నేను పటాన్‌చెరు బడిలో పంతుల్ని. ఎండాకాలం సెలవులు. మద్రాసు పోవడానికి ముందు హైదరాబాదు చేరాలని బండి కోసం కూర్చున్నాను. ఈయన కాస్త దూరంలో గొంతుక్కూర్చుని నా వైపే చూస్తున్నాడు. ముఖం వైపు కాదు, కాళ్ల వైపు. నేను లేచి కుండలో నీళ్లు తాగడానికి పోతే నా నడక చూశాడు, తిరిగొస్తుంటే మళ్లీ చూశాడు. నా గుండె ఝల్లుమంది.

ఎందుకు ఝల్లుమందో చెప్పాలి. మా అన్న నల్లగొండ వైపు సంఘంలో చేరి తుపాకీ పట్టినవాడు. పోరాటం ఆపేశామని నాయకులు ప్రకటించాక చాలామంది ఇళ్లకు వచ్చేశారు. అన్న రాలేదు. ఆయన మీద కేసు అలాగే ఉంది. బతికున్నాడో లేడో తెలియదు. ఊళ్లోకి వచ్చిన ప్రతివాడూ మా అమ్మ దగ్గర కూర్చుని, నీ పెద్దకొడుకును బెజవాడలో చూశామనీ, బొంబాయిలో చూశామనీ, మంచిగున్నాడనీ చెప్పి, అన్నం పెట్టించుకుని తినిపోయేవాడు. కొన్నాళ్లు అమ్మ నమ్మింది. తర్వాత ఎవరేం చెప్పినా "ఔ బిడ్డా" అని తలూపి చేస్తున్న పని చేసుకోవడం నేర్చుకుంది. ఆ తలూపడం చూడలేక నేను వెతకడం మొదలుపెట్టాను. సెలవులొస్తే చాలు, సికింద్రాబాదు లష్కర్‌లో కొన్న పాత మిలిటరీ సంచి వీపున తగిలించుకుని బయల్దేరేవాణ్ణి. ఎక్కడికని అడిగితే దేశం చూడ్డానికని చెప్పేవాణ్ణి. పంతులుకు తిక్క అనుకునేవాళ్లు. అనుకోనీ.

ఆ ఏడు అన్న పాత దోస్తు ఒకడు నాకో సంగతి చెప్పాడు. అన్న పాండిచ్చేరిలో నూలు మిల్లులో పనిచేస్తున్నాడని. పాండిచ్చేరి అప్పటికింకా ఫ్రెంచివాళ్లదే, మన పోలీసులు అక్కడ అడుగు పెట్టలేరు. కానీ నా వెనక మామూలు బట్టల్లో ఒకణ్ణి పంపించి ఇల్లు తెలుసుకుంటే, అన్న ఏదో ఒకరోజు ఇవతలికి అడుగు పెట్టకపోతాడా? అందుకే నా కాళ్ల వైపు చూస్తున్న ఈ మనిషి సీఐడీ అని లింగంపల్లిలోనే తేల్చేసుకున్నాను.

ఏడికి పోతున్నవు పంతులూ అన్నాడు. నేను పంతుల్నని ఆయనకెలా తెలుసు? మద్రాసు అన్నాను. తనూ అటే అన్నాడు, సముద్రం చూడాలని ఉందట. మోకాళ్ల లోతు నీళ్లు దాటాలన్నా దేవుణ్ణి తలుచుకునే మనిషిలా ఉన్నాడు, సముద్రంతో ఏం పని? మద్రాసులో దిగి నేను పాండిచ్చేరి బండెక్కితే, అక్కడ సముద్రం ఇంకా మంచిగుంటదట అని ఆయనా ఎక్కాడు. సరిహద్దు దగ్గర మన కస్టమ్స్ వాళ్లు నా సంచి కుమ్మరించి, ఎవరు నువ్వు, ఎందుకు పోతున్నావని గట్టిగా పట్టుకున్నారు. ఈయన ముందుకొచ్చి వచ్చీరాని హిందీలో "హమారా అల్లుడు హై" అని నా భుజం మీద చెయ్యేశాడు. వాళ్లు వదిలేశారు. ఇంత అలవోకగా అబద్ధమాడేవాడు పోలీసు కాక మరెవరని నా అనుమానం రాయిలా గట్టిపడింది.

పాండిచ్చేరి ఊరి మధ్యలో ఒక కాలువ ఉంది. కాలువకు ఇటు మనవాళ్లు, అటు తెల్లవాళ్లు. అటువైపు వీధులు తాడు పట్టి గీసినట్టు ఉంటాయి. పసుపు గోడలు, ఎత్తు కిటికీలు, అన్నీ మూసే ఉంటాయి. నేను మూలమూలనా ఆగి రేకుల మీద రాసిన అర్థంకాని వీధి పేర్లు చదువుతున్నట్టు నటిస్తుంటే, ఆయన గోడల వైపు చూసుకుంటూ వచ్చేవాడు. ఇన్ని కిటికీలు పెట్టుకుని ఒక్కటీ తెరవరేంది, లోపల ఏం చేస్తుంటారు అని ఆయన బాధ. ఎర్రటోపీ పోలీసును చూస్తే ఆ టోపీ కింద ఏదో దాచాడన్నాడు. రొట్టె కొంటే దాన్ని మధ్యకు విరిచి వాసన చూసి, ఇందులో కల్లు కలిపారని తేల్చాడు. దుకాణంవాడు నవ్వి నిజమే, కల్లు పోస్తేనే పొంగుతుందని ఒప్పుకున్నాడు. ఆ ఒక్కసారీ ఆయన అనుమానం నిజమైంది. ఆ సంతోషంలో నా రొట్టె కూడా ఆయనే తిన్నాడు.

ఆడవాళ్లెవరైనా గుమ్మంలో నిలబడి కనిపిస్తే మాత్రం ఆయన కళ్లు ముందు ఆమె మీద, వెంటనే నా మీద పడేవి. "ఔగని పంతులూ, ఈ ఊళ్లె నీకు తెలిసినోళ్లు ఎవ్వరున్నరు?" అని రోజుకు పదిసార్లు అడిగేవాడు. ఎవరూ లేరనేవాణ్ణి. ఇంత దూరం ఎవరూ లేని ఊరికొచ్చినవా అనేవాడు.

ఒకరోజు ఆయన మేం దిగిన సత్రం బావి దగ్గర స్నానం చేస్తుండగా జారుకుని మిల్లు గేటు దగ్గరికి పరిగెత్తాను. అక్కడ తెలుగొచ్చిన మేస్త్రీ ఒకడు అన్న ఆనవాళ్లు విని గుర్తుపట్టాడు. పేరు వేరే చెప్పాడు, మనిషి మాత్రం అన్నే. జమ్మలమడుగు వైపు పిల్లను చేసుకుని, మిల్లు మానేసి పోయాడట. ఆ పిల్ల తరఫువాళ్లు ఎండాకాలం గండికోట కింద పెన్న ఇసుకలో పుచ్చ తోట వేస్తారు, అక్కడే ఉంటాడన్నాడు. అన్న బతికే ఉన్నాడు. నాకు ఆ గేటు పట్టుకుని ఏడవాలనిపించింది. వెనక్కి తిరిగితే కొబ్బరికాయల బండి చాటున తడి రుమాలు కనిపించింది.

ఇంటికి పోతున్నానని ఆయనతో చెప్పాను. సరే నేనూ పోతానన్నాడు. మద్రాసు స్టేషన్ జనంలో ఆయన్ని వదిలించుకుని బొంబాయి బండెక్కి ముద్దనూరులో దిగాను. ప్లాట్‌ఫారం అంతా వెతికాను, ఆయన లేడు. హమ్మయ్య అనుకుని జమ్మలమడుగు బస్సెక్కాను. బస్సు దిగి పది అడుగులు వేశానో లేదో, బస్సు టాపు మీది మూటల మధ్య నుంచి పొడుగాటి కాలు ఒకటి నిచ్చెన మీదికి దిగింది. ఆ కాలు నాకు బాగా తెలుసు. లింగంపల్లి నుంచీ నాకు చిరాకు, కోపం, నవ్వు అన్నీ వచ్చాయి గానీ, నిజమైన భయం వేసింది అప్పుడే. నేను చూపిస్తున్న దారినే పోలీసులు నా అన్న దగ్గరికి వస్తున్నారు.

వెనక్కి తిరిగితే మరీ అనుమానం. కాబట్టి దేశం చూసే పిచ్చివాడిలాగే కోటకు నడిచాను. ఆయన వెనకే. కోటలో పాడుబడ్డ మసీదు, ధాన్యం కొట్టు దాటి బండల మీదుగా అంచుకు వస్తే, ఉన్నట్టుండి నేల ఆగిపోతుంది. అడుగున ఎక్కడో పెన్న. రెండు పక్కలా ఎర్రటి బండ గోడలు నిలువునా కిందికి దిగిపోయాయి. ఆయన నా పక్కన గొంతుక్కూర్చుని చాలాసేపు చూసి, ఎవడు తవ్విండు దీన్ని అన్నాడు. నదే కోసిందన్నాను. ఎండకు సన్నబడ్డ ఆ నీటి పాయను చూసి, ఆ పిసరంత నీళ్లు ఇంత కొండను కోశాయంటే నమ్మేంత ఎడ్డివాణ్ణి కాదన్నాడు.

నేను వినడం లేదు. నదికి పక్కన ఇసుకలో పచ్చటి తీగలు, ఒక గుడిసె, పొయ్యి పొగ కనిపిస్తున్నాయి. ఒకడు వంగి కాయలు ఏరుతున్నాడు. ఇంత ఎత్తు నుంచి ముఖం తెలియదు. అన్న కావచ్చు. ఎన్నేళ్లుగానో వెతుకుతున్న మనిషి నా కాళ్ల కింద ఉన్నాడు, నేను కదలకూడదు. ఇక పట్టలేకపోయాను.

"నువ్వు సీఐడీ మనిషివే గద" అన్నాను.

ఆయన తల తిప్పి నన్ను పైనుంచి కిందికి చూశాడు. "ఔగని, సీఐడీ నీ ఎంబడెందుకొస్తడు? ఏం జేసినవ్?"

మరెందుకు వస్తున్నావని అరిచాను. ఆయన కూడా అరిచాడు. ఆయన అరవగా విన్నది అదొక్కసారే. "మా అక్క బిడ్డను నీకిద్దామనుకుంటున్నం. సెలవొస్తే సంచేసుకొని ఎటో పోతవని ఊరంత జెప్పవట్టె. ఏడనో ఇంకో సంసారముందేమోనని మాకు బుగులు. నిజం జెప్పు, పాండిచ్చేరిల ఉన్నదా, గీ గుడిశెల ఉన్నదా?"

ఇస్మాయిల్‌ఖాన్‌పేట నుంచి ఒక సంబంధం వచ్చిందనీ, పిల్లవాణ్ణి అర్సుకుని చెప్తామన్నారనీ అమ్మ ఎప్పుడో అన్నది నాకప్పుడు గుర్తొచ్చింది. పిల్లను ఇచ్చేముందు పిల్లవాడి గురించి నాలుగిళ్లల్లో అడగడం అందరూ చేసేదే. వీళ్లు దానికి ఈయన్ని పెట్టారు. ఎందుకంటే ఈయన పని ఎడ్ల బేరం. సంగారెడ్డి అంగట్లో ఎద్దును కొనాలంటే ఈయన్ని పిలుచుకుపోయేవాళ్లట. పళ్లు, సుడులు అందరూ చూస్తారు. ఈయన మాత్రం ఎద్దును విప్పించి రోజంతా దాని వెంబడి నడిచేవాడు. అంగట్లో నిలబడ్డ ఎద్దు ఏ లోపమైనా దాస్తుంది గానీ, అలిసిపోయి నడిచే ఎద్దు దాచలేదని ఆయన లెక్క. నన్నూ అలాగే నడిపించి చూస్తున్నాడు.

నమ్మానా? లేదు. సీఐడీ వాడైతే ఇంతకంటే మంచి కథ చెప్పడా? అమ్మాయి పేరు అడిగి పరీక్షిద్దామంటే, ఆ పేరు నాకే తెలియదు. ఆయనా నన్ను నమ్మలేదు. ఇద్దరం ఆ అంచున ఎండలో కూర్చుని ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. చివరికి, కింద నాకు పనుంది, అది ఆడది కాదు, నువ్వు రాకూడదు అన్నాను. ఆయన చెప్పులు విప్పి నా ముందుకు తోశాడు.

"తీస్కపో. గీ బండ మీద ఉత్త కాళ్లతోని ఎవ్వడూ రాలేడు. నువ్వొచ్చేదాంక ఈడనే ఉంట."

తల కింద పెట్టుకుని పడుకునే ఆ చెప్పుల్ని నా సంచిలో వేసుకుని దిగాను. దారి అనేది లేదు. దొర్లిన బండల మధ్య సందులు పట్టుకుని, కూర్చుని, జారి, అరచేతులు కాలుతుంటే పైకి చూస్తూ దిగాను. ప్రతిసారీ అంచున తెల్ల ధోవతి కదలకుండా కనిపించింది. అడుగుకు చేరేసరికి చుట్టూ గోడలే. ఆకాశం సన్నగా మిగిలింది. మాట్లాడితే మన మాట మనకే తిరిగొస్తుంది.

అన్న నన్ను ముందు గుర్తుపట్టలేదు. పట్టాక మొదటి మాట, "అమ్మ ఉన్నదా?" ఉందన్నాను. ఇసుకలో కూలబడిపోయాడు. గడ్డం పెరిగింది, నల్లబడ్డాడు. వదిన చంకలో పిల్లతో వచ్చి కూర్చుంది, అన్న పుచ్చకాయ కోసిపెట్టాడు. ఇంటికి రమ్మన్నాను. కేసు ఉన్నన్నాళ్లు రానన్నాడు. కనీసం అమ్మకు ఒక చీటీ ముక్క, ఏదో ఒక వస్తువు ఇమ్మన్నాను. తన గుర్తు ఏదైనా ఇంట్లో దొరికితే అమ్మను ఠాణాకు ఈడుస్తారని ఇవ్వలేదు. ఒట్టి మాట చెప్తే అమ్మ నమ్మదన్నాను.

పొద్దు వాలుతుండగా పైకొస్తే ఆయన అక్కడే ఉన్నాడు. కూర్చున్న చోట నీడ లేదు. అరికాళ్ల కింద రుమాలు మడిచి పెట్టుకుని, ఉత్త తలతో ఎండంతా భరించాడు. చెప్పులు ఇచ్చాను. తిప్పి చూసి తొడుక్కున్నాడు. నేను మొత్తం చెప్పేశాను. నమ్మకం కలిగి కాదు, అన్నేళ్ల తర్వాత అన్నను చూసినవాడికి ఎవరికో ఒకరికి చెప్పక తప్పదు.

ఇక తిరుగు ప్రయాణమంతా నన్ను నమిలి తిన్నాడు. ఔగని, గడ్డం ఎంత ఉన్నది? ఔగని, ఏ చేత్తో కాయ కోసిండు? పిల్లకు ఎవరి పోలిక? నవ్విండా, నవ్వితే పళ్లు కనిపించినయా? తిండి ఎట్ల తింటున్నడు? చెప్పిందే మళ్లీ చెప్పించేవాడు, ఎక్కడైనా తేడా వస్తుందేమోనని నా నోటి వైపే చూసేవాడు. ఇంకా అనుమానం చావలేదని నాకు ఒళ్లు మండింది. గుంతకల్లు స్టేషన్లో బండి కోసం ఆగినప్పుడు, మీ అన్న ఎట్ల నడుస్తడో నడిచి చూపించు అన్నాడు. నాకు తెలియదన్నాను. నడువు, కాళ్లకే తెలుస్తది అన్నాడు. జనమంతా చూస్తుండగా ప్లాట్‌ఫారం మీద అన్నలా నడిచాను. "కుడి పాదం లోపలికి తిప్పుతున్నవ్. గట్లనేనా?" అన్నాడు. అవును, అన్న అలాగే నడుస్తాడు. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నా నేనెప్పుడూ దాన్ని మాటగా అనుకోలేదు.

ఆ సంబంధం కుదిరింది. ఆమె ఇప్పుడు పక్క గదిలో బియ్యం చెరుగుతూ, మా మేనమామ గురించి ఏం రాస్తున్నావని రెండుసార్లు అడిగింది. పెళ్లయ్యాక కూడా ఆయన వచ్చినప్పుడల్లా ఆమెను దొడ్లోకి పిలిచి, వీడు సెలవుల్లో ఇంట్లోనే ఉంటున్నాడా అని అడిగేవాడు. అన్న మీద కేసు ఎత్తేసేలోపే మా అమ్మ పోయింది. కొడుకు ముఖం మళ్లీ చూడలేదు. అందుకే పటాన్‌చెరుకు తిరిగొచ్చిన ఆ రోజు సంగతి నాకు ఇప్పటికీ గుండెలో మెదులుతుంది.

ఇల్లు కూడా చూసిపోతానని ఆయన నాతోపాటే వచ్చాడు. అమ్మ వాకిట్లో జొన్నలు చెరుగుతోంది. నేను పక్కన కూర్చుని, అన్నను చూశానమ్మా, బతికున్నాడు, పెళ్లయింది, పిల్ల కూడా ఉందని చెప్పాను. "ఔ బిడ్డా" అంది. చాట ఆగలేదు. ఒట్టేసి చెప్పాను. మళ్లీ తలూపింది. అందరిలాగే నేనూ ఆమెను ఊరడిస్తున్నాననుకుంది. కన్నకొడుకును, నా మాట కూడా పనికిరాకపోతే ఇంకెవరి మాట పనికొస్తుందని నాకు ఏడుపొచ్చింది.

ఆయన అరుగు మీద కూర్చుని ఇంటి దూలాల వైపు చూస్తున్నాడు. చూస్తూనే, ఎవరితోనో అన్నట్టు అన్నాడు.

"నేను జూసిన అక్కా. నడుస్తుంటే కుడి పాదం లోపలికి దిప్పుతడు."

చాట ఆగింది. అమ్మ ఆయన వైపు తిరిగింది. ఇన్నేళ్లలో మంచిగున్నాడని చెప్పినవాళ్లే గానీ, ఎలా నడుస్తున్నాడో చెప్పినవాడు ఒక్కడూ లేడు. "కుడిదేనా?" అంది.

"కుడిదే. కొంచమే. ఎరుకున్నోళ్లకే తెలుస్తది."

అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆ తర్వాత ఆమె ఒక్కొక్కటే అడిగింది, ఆయన ఒక్కొక్కటే చెప్పాడు. గడ్డం ఇంత ఉంది. కాయ ఎడమ చేత్తో కోశాడు. పిల్లకు నాయనమ్మ నుదురే వచ్చింది. నవ్వితే పళ్లన్నీ కనిపిస్తాయి. ఎక్కడా తడబడలేదు. తన కళ్లతో చూడందే ఎండను కూడా ఎండ అనని మనిషి, చెప్పులు లేకుండా కొండ మీద కూర్చున్న మనిషి, కింద ఏముందో తానే చూసినట్టు మా అమ్మకు చెబుతుంటే నేను తల ఎత్తలేకపోయాను. అమ్మ లేచి, కాళ్లు కడుక్కోమని ఆయనకు చెంబు అందించి, పొయ్యి రాజేయడానికి లోపలికి పోయింది.

నేను దగ్గరికి పోయి, నువ్వు చూడలేదు గద మామా అన్నాను. మామా అనడం అదే మొదలు.

"జూసిన కండ్లు నీయి, జెప్పిన నోరు నాది" అన్నాడు, కాళ్ల మీద నీళ్లు పోసుకుంటూ. "అబద్ధమైందో, ఆ తల్లి ఉసురు నాకే తగుల్తది. ఔగని, నిజంగనే జూసినవు గద?"